ఇళ్లను లాక్కెళ్లే ఊరు

అమెరికా వెళ్లొచ్చానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే... నయాగరా చూశారా అని. చూశాను. బాగుంది. కానీ అక్కడున్న మూడు నెలల్లో నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక టైర్ల షాపు. నవ్వకండి! విజయవాడ ఆటోనగర్లో పుట్టి పెరిగినవాడికి గ్రీజు వాసన తగిలితే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

మా అమ్మాయి, అల్లుడుగారు ఉండేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో. షికాగో నుంచి తూర్పుగా కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దారి పొడవునా మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు. కొండా కోనా ఏమీ ఉండవు. సెయింట్ జోసెఫ్ నది, ఎల్కార్ట్ నది కలిసేచోట పుట్టిన ఊరు. నదుల మధ్యనున్న చిన్న లంక దుప్పి గుండె ఆకారంలో ఉంటుందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. జనాభా యాభై వేల పైమాట. మన తెనాలికంటే చాలా చిన్నది. దుకాణాన్ని మా బావమరిదికి అప్పగించి వచ్చిన నాకు, మొదటి వారం ఏమీ తోచలేదంటే నమ్మండి.

రెండోవారంలో ఓ ఉదయం నడకకు బయల్దేరాను. రోడ్డుమీద ఓ ఇల్లు వెళ్తోంది!

నిజంగా ఇల్లే. కిటికీలు, తలుపు, తలుపుకింద మడతపెట్టిన మెట్లు. దాన్ని ఓ పికప్ ట్రక్కు లాక్కుపోతోంది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక మరోటి. పావుగంటలో ఏడు లెక్కపెట్టి, ఇంటికొచ్చి అల్లుడుగారిని అడిగితే ఆయన నవ్వేశారు. ‘‘మామయ్యగారూ, ఈ ఊరు బతికేదే వాటిమీద’’ అన్నారు.

చక్రాలమీద కాపురం

వాటిని ఆర్‌వీలంటారు. లోపల వంటగది, మంచాలు, స్నానాలగది, ఫ్రిజ్... సకలం ఉంటాయి. సెలవులొస్తే ఇంటిల్లిపాదీ దాన్ని బండికి తగిలించుకుని అడవులకీ సరస్సులకీ పోతారు. ఉద్యోగ విరమణ చేశాక ఉన్న ఇల్లు అమ్మేసి అందులోనే కాపురం పెట్టేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో నూటికి ఎనభైకి పైగా ఇండియానా రాష్ట్రంలోనివే. వాటిలో ఎక్కువ భాగం ఎల్కార్ట్, దాని చుట్టుపక్కల ఊళ్లవి. 1930లలో ఇక్కడ ట్రెయిలర్ల తయారీ మొదలైంది. ఒకరిని చూసి మరొకరు... అలా ఊరంతా షెడ్లు లేచాయి. మన ఆటోనగర్లో ఒక బాడీబిల్డింగ్ షెడ్డు పక్కన ఇంకో షెడ్డు వెలిసినట్టే!

ఊళ్లో ఆర్‌వీల మ్యూజియం కూడా ఉంది. 1913 నాటి ట్రెయిలర్ ఒకటి అందులో ఉంది. మన ఎడ్లబండికి గూడు కట్టినట్టుంటుంది. ఒకప్పటి హాలీవుడ్ తార మే వెస్ట్ కోసం 1931లో స్టూడియో వాళ్లు చేయించిన ఇల్లులాంటి కారూ అక్కడే చూశాను.

చిత్రమేమిటంటే, ఈ చక్రాల ఇళ్లను తయారుచేసే కార్మికుల్లో చాలామంది కారెక్కి నడపని మనుషులు. వాళ్లు ఆమిష్ తెగవాళ్లు. అమెరికాలోని ఆమిష్ జనావాసాల్లో పెద్దవాటిలో ఒకటి ఈ ఎల్కార్ట్, లగ్రాంజ్ కౌంటీల్లోనే ఉంది. మగవాళ్లకు గడ్డాలు, గడ్డిటోపీలు. ఆడవాళ్లకు తెల్లటి తలగుడ్డలు. ఇంటికి కరెంటు తీగ వేయించుకోరు. గుర్రబ్బగ్గీలమీద తిరుగుతారు. ఆ బగ్గీలకు గాలి టైర్లుండవు. ఫ్యాక్టరీలు తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికల్లా ముగిసిపోతాయి. చీకట్లో సైకిళ్లమీద బారులుతీరి పనికి వెళ్తున్న వాళ్లను చూస్తే మిల్లు సైరన్ల కాలంనాటి మన ఊళ్లు గుర్తొచ్చాయి.

ఈ ఊరికి ఎత్తుపల్లాలూ ఎక్కువే. దేశం బాగుంటే జనం ఆర్‌వీలు కొంటారు. బాగోలేకపోతే ముందు మానేసేది అదే కదా! 2008 మాంద్యంలో ఎల్కార్ట్ కుప్పకూలింది. ఇక్కడి నిరుద్యోగం చూసే, 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడయిన కొత్తలోనే ఒబామా ఈ ఊరికి వచ్చారు. ఆ తర్వాత కరోనా కాలంలో విమానాలెక్కడానికి భయపడి అందరూ ఆర్‌వీల మీద పడ్డారు. 2021లో దేశం మొత్తంమీద 6 లక్షలకు పైగా తయారై డీలర్లకు వెళ్లాయి. 2023కల్లా అది 3 లక్షల 13 వేలకు పడిపోయింది. సగం!

పక్కింటాయన పికప్

మా అమ్మాయి వాళ్ల పక్కింటాయనకు అరవైకి దగ్గర. మాంద్యంలో ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. ఉన్న కాస్త డబ్బు పెట్టి పికప్ కొనుక్కుని, కొత్త ట్రెయిలర్లను డీలర్లకు చేర్చే పని పట్టుకున్నాడు. ఇలాంటి డ్రైవర్లు ఆ ఊళ్లో ఎంతోమంది. టెక్సాస్ అంటే వెయ్యి మైళ్ల పైన. ఆరెగాన్ అయితే రెండు వేల పైమాటే. కిరాయి మైలుకింతని లెక్క. అదీ వెళ్లేటప్పుడే. డీజిల్ ఖర్చు తనదే.

‘‘మరి రిటర్న్ లోడు?’’ అన్నాను. నా ఇంగ్లిషు అంతంతమాత్రమే అయినా ఈ మాట ఆయనకు వెంటనే అర్థమైపోయింది. తల అడ్డంగా ఊపాడు. ‘‘ఖాళీగా రావడమే.’’

లారీ ఓనరు కొడుకుని. ఆ ఒక్క మాటతో మా ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది.

అంతకుముందు ఏడాది నెబ్రాస్కాలో వెళ్తుండగా ఆయన బండి వెనక టైరు పేలిందట. వెనకాల ఆరు టన్నుల ట్రెయిలరు. బండి ఎడమకు లాగేసింది. పక్క వరుసలో ఎవరూ లేరు కాబట్టి బతికాడు. ‘‘ఇంక మానెయ్’’ అంటోంది ఆయన భార్య. ‘‘ఇంకో నాలుగేళ్లు’’ అంటాడు ఆయన. ఇద్దరూ కూర్చుని కుదుర్చుకున్న రాజీ ఏమిటంటే... మామూలు టైర్లు తీసేసి, లారీలకు వేసే కమర్షియల్ చక్రాలు వేయించాలి. నాలుగు చక్రాలు, స్టెప్నీ ఒకటి. మూడు వేల డాలర్ల పైనే. ‘‘వస్తారా?’’ అన్నాడు. అడగాలా!

పందొమ్మిదిన్నర కథ

ఊరి చివర ఓ రేకుల షెడ్డు. లోపల ఎయిర్‌గన్ చప్పుడు, కాలిన రబ్బరు వాసన, నూనె మరకల నేల. ఒక్క క్షణం భాష తప్ప అంతా మన ఊరే అనిపించింది. షాపు యజమాని కొత్త చక్రాన్ని నా ముందుకు దొర్లించాడు. అంచుమీద 19.5 అని ఉంది.

ఈ అర అంగుళం ఏమిటని మీకూ సందేహం రావచ్చు. కార్లకూ పికప్‌లకూ 16, 17, 18 అంగుళాల చక్రాలుంటాయి. 19.5, 22.5 అని చివర అర ఉందంటే అది లారీ ట్యూబ్‌లెస్ జాతి. రిమ్ములో టైరు కూర్చునే చోటు కారు చక్రానికి 5 డిగ్రీల వాలుంటే, దీనికి 15 డిగ్రీలు ఉంటుంది. ఆ వాలులో టైరు బిగిసి కూర్చుంటుంది. దీని టైరు దానికి, దాని టైరు దీనికి పట్టవు. మన పాత లారీల 10.00-20 టైర్లకు ట్యూబు, ఫ్లాపు, పైన లాక్‌రింగూ ఉండేవి. ఇప్పుడు మన రోడ్లమీదా 22.5 ట్యూబ్‌లెస్‌లు వచ్చేశాయి. వాటి తమ్ముడే ఈ పందొమ్మిదిన్నర. పెద్ద పికప్‌లలో కొన్ని ఫ్యాక్టరీ నుంచే ఈ సైజుతో వస్తాయి. పక్కింటాయనది ఆ రకం కాదు. అందుకని ఎనిమిది బోల్టుల హబ్బుకు సరిపోయేలా ప్రత్యేకంగా చేసిన చక్రాలు తెప్పించారు.

పెద్ద చక్రమంటే బండి ఎత్తు పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు! పాతది 275/70 ఆర్18. కొత్తది 245/70 ఆర్19.5. రెంటినీ పక్కపక్కన నిలబెడితే దాదాపు ఒకటే ఎత్తు, 33 అంగుళాలు. ఇనుము పెరిగింది, రబ్బరు తగ్గింది. పాత టైరు పక్కగోడ 19 సెంటీమీటర్లుంటే దీనిది 17. చూడ్డానికి కాస్త సన్నగా కూడా ఉంది. కానీ బొటనవేలితో నొక్కి చూడండి... రాయి! ట్రెయిలరు గాలికి ఊగినప్పుడు మెత్తటి పక్కగోడలు అటూ ఇటూ నలుగుతాయి. నలిగితే వేడెక్కుతాయి. టైరును చంపేది ఆ వేడే. ఇది అంత తేలిగ్గా నలగదు.

పాత బండ్లలో మాత్రం ఎత్తు పెరిగేదట. 16 అంగుళాల చక్రాలకు వేసే 245/75 టైరు ఎత్తు ముప్పైన్నర అంగుళాలు. దాని స్థానంలో 33 అంగుళాలది వేస్తే స్పీడోమీటరు 60 చూపించేటప్పుడు బండి 65 మీద పోతుంటుంది. గేరు పొడవై లాగుడు తగ్గుతుంది. వెనక యాక్సిల్ గేరు 4.10 అయితే 3.79లా పనిచేస్తుంది. లాగడానికి కొన్న బండికి లాగుడు తగ్గితే ఏం లాభం? సైజు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా.

‘‘వెనక నాలుగు టైర్ల బండే కొనుక్కోవచ్చుగా’’ అన్నాను. ‘‘బండి మార్చాలంటే అప్పు చేయాలి. ఆరు టైర్లు కొనాలి. నాకున్న నాలుగేళ్లకు ఇది చాలు’’ అన్నాడు పక్కింటాయన. ఆయన ఏడాదికి లక్ష మైళ్లు తిరుగుతాడు. మామూలు టైర్లు ఏటా రెండు మూడు జతలు మార్చేవాడట. ఈ లారీ టైర్లకు రబ్బరు మందం ఎక్కువ. అరిగాక రీట్రేడింగుకూ పనికొస్తాయి. లెక్క అక్కడ కలిసొస్తుంది.

టైరు ఎక్కించాక గాలి కొట్టడానికి దాన్ని ఇనప పంజరంలో పెట్టాడు యజమాని. తాను దూరంగా జరిగి పొడవాటి గొట్టంతో గాలి పట్టాడు. ఆ టైరు 120 పౌండ్ల గాలిదాకా పడుతుంది. మన కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర! వాల్వులు కూడా రబ్బరువి కాదు, లోహంవి. గాలి ఎంత ఉండాలన్నది మోసే బరువునుబట్టి పట్టిక చూసి నిర్ణయించాలన్నాడు. యాభై, వంద మైళ్లు తిరిగాక మళ్లీ వచ్చి నట్లు బిగించుకోమన్నాడు. మంచులో జాగ్రత్త అనీ చెప్పాడు. గట్టి రబ్బరు జారుతుంది కదా. మిషిగన్ సరస్సు గాలులవల్ల ఎల్కార్ట్‌లో మంచు బాగా పడుతుంది.

చివరగా టైరు పక్కనున్న అంకె చూపించాడు. ఒక్కో టైరు 4,940 పౌండ్లు మోస్తుంది. అంటే 2,240 కిలోలు. పాతవి 3,640 పౌండ్లే. ‘‘వెనక రెండూ కలిపి 9,880 పౌండ్లు!’’ అన్నాను నేను హుషారుగా.

ఆయన ఏమీ అనలేదు. డ్రైవరు తలుపు తెరిచి, స్తంభానికి అతికించిన స్టిక్కరుమీద వేలు పెట్టాడు. వెనక యాక్సిల్ మోయగల బరువు... 7,000 పౌండ్లు. ‘‘మనం మార్చింది టైర్లే. దీన్ని కాదు. యాక్సిలూ అదే, కమాన్లూ అవే, బ్రేకులూ అవే’’ అన్నాడు.

నా నోట మాట రాలేదు.

నందిగామ దగ్గర...

1984. నాకు పదిహేనేళ్లు. నాన్నకు ఒకే ఒక్క లారీ. జగ్గయ్యపేటవైపు నుంచి విజయవాడకు సిమెంటు తోలేవాళ్లం. ఆ ఏడాది నాన్న 9.00-20 టైర్లు తీయించి 10.00-20 వేయించాడు. ఆటోనగర్లో కొబ్బరికాయ కొట్టాం. ‘‘ఇప్పుడు ఏనుగునెక్కించినా ఢోకా లేదు’’ అన్నాడు నాన్న. మర్నాటి నుంచే ట్రిప్పుకు యాభై బస్తాలు ఎక్కువ. అప్పట్లో అందరూ చేసిందే. వడ్డీ కట్టాలి కదా.

మూడు నెలలు బాగానే గడిచింది. ఓ రాత్రి నందిగామ దాటాక వెనక కమానుకట్టలో మెయిన్ పట్టీ విరిగింది. లారీ ఒరిగిపోయింది. బస్తాలమీద పడుకున్న క్లీనరు కిందపడ్డాడు. కుడికాలుమీద సిమెంటు బస్తాలు. మోకాలి కిందకు తీసేయాల్సి వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద. ‘అన్నా’ అని పిలిచేవాణ్ని.

టైర్లు నాలుగూ చెక్కుచెదరలేదు. అదే నాన్న తట్టుకోలేకపోయాడు. ఒరిగిన లారీ కింద కొత్త టైర్లు నిగనిగలాడుతూ ఉన్నాయట. ఆ సంగతి ఆయన నాతో ఒక్కసారే చెప్పాడు. లారీ అమ్మేసి స్పేర్‌పార్టుల కొట్టు పెట్టాడు. అన్నకు కొట్టు పక్కనే పంచరు షాపు పెట్టించాడు.

కాటామీద బండి

చక్రాలు మార్చిన వారానికి పక్కింటాయనకు ఫోను వచ్చింది. పెద్ద ట్రెయిలరుంది, కొలరాడో తీసుకెళ్లాలి, కిరాయి మామూలుకంటే ఎక్కువ అని. అది ఫిఫ్త్‌వీల్ రకం. అంటే ట్రెయిలరు ముక్కు వచ్చి పికప్ తొట్టి మధ్యలో, సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో సుమారు అయిదోవంతు బండిమీదే పడుతుంది. మామూలుగా ఆయన తోలేవాటికి అది 2,700 పౌండ్ల దాకా ఉంటుంది. ఇది పెద్దది.

లోడుతో వెళ్లేటప్పుడు బయటివాళ్లను ఎక్కించుకోకూడదని వాళ్ల కంపెనీ నిబంధన. అందుకని అల్లుడుగారూ నేనూ కారులో వెనకే వెళ్లాం. ట్రెయిలరు తగిలించాడు. బండి వెనకభాగం కొంచెం దిగింది. టైర్లు మాత్రం ఇసుమంత కూడా నలగలేదు. రోడ్డెక్కితే ఎంత నిలకడగా వెళ్తోందో! పాత టైర్లయితే ఈపాటికి ఊగేదని అల్లుడుగారితో అన్నాను కూడా.

ఆయన నేరుగా హైవే ఎక్కలేదు. ట్రక్ స్టాపులోకి తిప్పి కాటామీదకు ఎక్కించాడు. మన వేబ్రిడ్జిలాంటిదే గానీ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలరు... మూడూ విడివిడిగా తూస్తుంది. చీటీ తెచ్చుకుని బండి పక్కన నిలబడి చదివాడు. నాకూ చూపించాడు. వెనక ఇరుసుమీద 7,260.

రెండు వందల అరవై పౌండ్లు. కిలోల్లో చెప్పాలంటే 118. మన లెక్కలో రెండు బస్తాల సిమెంటు కంటే కాస్త ఎక్కువ. టైర్లు ఇంకా రెండున్నర వేల పౌండ్లు మోస్తామంటున్నాయి. రోడ్డుమీద ఎవరూ ఆపకపోవచ్చు. ఆయన చాలాసేపు ఆ చీటీనే చూశాడు. నాకు గుండె దడదడలాడింది. ఏం చెప్పను? నందిగామ కథ చెప్పేంత ఇంగ్లిషు నాకు రాదు.

అల్లుడుగారికి తెలుగులో చెప్పాను. పెళ్లయి మూడేళ్లయినా ఆయనకీ అదే మొదటిసారి వినడం. ఆయన ఇంగ్లిషులో పక్కింటాయనకు చెప్పారు. ‘‘ఆ కుర్రాడికి ఎన్నేళ్లు?’’ అని అడిగాడు పక్కింటాయన. ‘‘పదిహేడు’’ అన్నాను. ఇంకేమీ అడగలేదు. బండెక్కి, ట్రెయిలరును వెనక్కి తీసుకెళ్లి యార్డులో అప్పజెప్పేశాడు.

నా కథ విని మనసు మార్చుకున్నాడని చెప్పను. కాటాకు తీసుకెళ్లింది ఆయనే. ముందే అనుకుని ఉంటాడు.

తిరుగుదారిలో నన్ను పికప్‌లో ఎక్కించుకున్నాడు. ఖాళీ బండిలో ఆ టైర్ల అసలు రంగు తెలిసింది. రోడ్డుమీద చిన్న అతుకు వచ్చినా నడుము అదిరిపోయింది. ఎడ్లబండి నయం! ‘‘ఆరెగాన్ నుంచి రెండువేల మైళ్లు ఇలాగే రావాలి’’ అని నవ్వాడు. మూడు రోజులు లోడు దొరకలేదు. ఆ మూడు రోజులూ ఆయన భార్య మా ఇంటికి రోజూ ఏదో ఒకటి వండి పంపింది. నాలుగోరోజు చీకటితోనే చిన్న ట్రెయిలరు ఒకటి తగిలించుకుని మిన్నెసోటా వెళ్లిపోయాడు.

విజయవాడ తిరిగొచ్చాక పంచరు షాపుకెళ్లి ఫోనులో ఆ చక్రాల ఫొటోలు అన్నకు చూపించాను. ఇనప పంజరం, పదిహేను డిగ్రీల రిమ్ము, లోహపు వాల్వు... అన్నీ వేలితో పెద్దవి చేసి చూశాడు. నలభయ్యేళ్లుగా టైర్లతో బతికిన మనిషి కదా. ‘‘సరుకు బాగుంది’’ అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

‘‘లోడెంత వేస్తాడు బాబూ?’’